సూది కాయకము



పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన భక్తుల కథలలో జేడర దాసయ్యగారి కథ వీరశైవుల ఇండ్లలో పెద్దలు పిల్లలకు చెప్పుచుండునదే. దాసయ్య నేతపని చేయువాడు. ఎన్నాళ్ళో మగ్గము ముందు కూర్చుండి నేసిన వస్త్రమును సంతకు కొనిపోగా, ముదుసలి జంగమ రూపమున శివుడెదురై ఆ వస్త్రమును అడిగెను. దాసయ్య ఇచ్చెను. ఆ ముదుసలి దానిని ఆయన కన్నుల యెదుటనే పరపర చించివేసెను. దాసయ్య ముఖము చిట్లింపలేదు. శివుడు మెచ్చి తవనిధిని అనుగ్రహించెను. సాధారణముగా ప్రవచనకారులు తవనిధి దగ్గరకు రాగానే గొంతు పెంచుదురు. తరుగని నిధి అనగానే వినువారికిని సంతోషమే. కాని ఆలోచింపదగిన చోటు అంతకు ముందే ఉన్నది. అంత శ్రమపడి నేసిన వస్త్రము పీలికలగుచుండగా దాసయ్యకు కష్టమెందుకు తోచలేదు? ఇచ్చిన వెనుక అది పుచ్చుకొన్నవాని దేహమునకు చెందినది. ఆ దేహమునకు ఏ రీతిగ అనుకూలించునో నిర్ణయించువాడు ఆ దేహధారియే.

ఈ మాటను పట్టుకొని, గోదావరి మండలముల గృహములలో నిత్యము జరుగుచున్నను ఎవ్వరును ప్రస్తావింపని ఒక సంగతిని విచారింపవలసియున్నది. పాలకొల్లుగాని, భీమవరముగాని, అమలాపురముగాని, రాజమహేంద్రవరముగాని, ఏ వీధిలోనైనను పక్షవాతము వచ్చి ఒక చేయి పడిపోయిన పెద్దాయన, కీళ్ళవాతముచేత భుజము ఎత్తలేని తల్లి, చేతులు వణకు జబ్బుతో గ్లాసు పట్టుకొనలేని తాతగారు, చక్రముల కుర్చీలో దినము గడపు యువకుడు కనిపింపకపోరు. వారికి అన్నము పెట్టువారున్నారు, మందులు తెచ్చువారున్నారు. అయినను భోజనవేళకు ఒక చిన్న అవమానము వారితోపాటు వచ్చి విస్తరి ముందు కూర్చుండును. పప్పుచారు గుండెలమీద ఒలుకును. పులుసు కలిపిన ముద్ద జారి ఒడిలో పడును. కోడలు చేతికందిన పాత తువ్వాలు తెచ్చి మామగారి మెడచుట్టు చుట్టి వెనుక ముడివేయును. ఆమె ఉద్దేశము మంచిదే. కాని ఆ ముడి పడిన క్షణమున ఆ పెద్దాయన తన మనుమనితో సమానుడగును. ఆ మనుమడు నవ్వును కూడ.

కొన్ని దినములు గడచునప్పటికి ఆయన ఆకలి లేదనుట మొదలుపెట్టును. నలుగురితో పంక్తిలో కూర్చుండుట మానును. మఠమునుండి ఆహ్వానము వచ్చినచో "మీరు పోయి రండి, నాకు ఓపిక లేదు" అనును. ఆయన విసిగినది భోజనముతో గాక ఆ ముడితో అని ఇంటివారు గ్రహించుటకు చాల కాలము పట్టును. కొన్ని ఇండ్లలో గ్రహింపకయే పోవుదురు.

దేహమునే దేవాలయముగా చూడవలెనని 12వ శతాబ్దమున కల్యాణ నగరమునుండి బసవేశ్వరుడు బోధించెను. ఆ బోధను వినునప్పుడు నిటారుగ నిలుచు, చక్కగ నడచు దేహములనే తలంచుకొనుట చాలమందికి అలవాటు. చేయి చచ్చుపడినను, కాలు కదలకున్నను ఆ గుడి గుడి కాకపోదు. పైకప్పు కారుచున్న గుడిని భక్తులు వదలివేయరు గదా! మరమ్మతు చేయుదురు, వానకాలము గడచువరకు తాటాకులైనను కప్పుదురు. ద్రాక్షారామము, పాలకొల్లు, సామర్లకోట, గునుపూడి సోమారామము, ఇన్ని శివక్షేత్రములను శతాబ్దములుగ గాలివానలనుండి కాపాడుకొనుచున్న ఈ సీమవారికి, మల్లికార్జున పండితారాధ్యుడు జన్మించిన ఈ సీమవారికి, ఆ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

లింగధారులకు ఇందు మరియొక చిక్కు గలదు. ఇష్టలింగము ఎదపై ఉండును. తలమీదుగ తొడుగు ఏ వస్త్రమైనను ఎక్కించునప్పుడు, దించునప్పుడు శివదారమునకు తగులుకొనును. ఆరోగ్యవంతుడు వెంటనే సవరించుకొనును. ఒక చేయి పనిచేయనివాడు తన లింగకాయను ఇతరులు సవరించుచుండగా చూచుచు కూర్చుండవలెను. పిల్లలకు ఇది స్వల్ప విషయముగ తోచవచ్చును. దీక్ష పొందిననాటినుండి ఆ కాయను తన చేతితోనే కన్నుల కద్దుకొనిన వృద్ధునకు స్వల్పము కాదు. ఎడమచేయి పడిపోయినవారు కరపీఠమున పూజ ఏ విధముగ సాగింపవలెనన్నది ఆయా మఠముల గురువులు చెప్పవలసినది. దానిని వారికే విడుచుట ఉచితము. మెడమీదుగ తొడుగ నక్కరలేని ముందు గుడ్డను కుట్టుట మాత్రము దర్జీ చేతిలోని పని.

ముందు గుడ్డ అనగా ఆంగ్లేయులు ఏప్రన్ అనునదే. హోటళ్ళలో వంటవారు కట్టుకొనగా అందరును చూచియుందురు. బజారులో దొరకు రకమునకు మెడకు ఒక ఉచ్చు, నడుము వెనుక కట్టుకొనుటకు రెండు బొందులు ఉండును. ఉచ్చును తలమీదుగ వేసికొనుటకు చేతులు తలపైకి పోవలెను. బొందులు ముడివేయుటకు రెండు చేతులును వీపు వెనుకకు పోవలెను. ఈ రెండు పనులు చేయలేనివారికే గదా అది ముఖ్యముగ కావలసినది! కావున అశక్తులకు కుట్టునప్పుడు తగిలించుటయు విప్పుటయు రెండును ముందువైపున, ఒక్క చేతితో జరుగునట్లు చూడవలెను. తక్కిన ఏర్పాటులన్నియు దీనినుండియే పుట్టును.

మెడ పట్టీని ఒక భుజమువద్ద కోసి, అక్కడ అంటుకొను పట్టీని కుట్టవలెను. దానిని అంగళ్ళలో వెల్క్రో అని అమ్ముదురు. స్విట్జర్లాండు దేశస్థుడైన జార్జి ద మెస్ట్రాల్ 1941లో అడవిలో తిరిగివచ్చి, తన దుస్తులకును తన కుక్క బొచ్చునకును అంటుకొనిన ముళ్ళకాయలను పరికించి ఆ యుక్తిని ఊహించెను. 1955లో దానికి పేటెంటు పొందెను. పొలము గట్లమీద నడచినప్పుడెల్ల పంచెలకు ఉత్తరేణి గింజలు అంటుకొనుట చూచి విసుగుకొన్నవారు తెలుగుదేశమున ఎందరో! ఇక ఆ పట్టీ ఏ భుజమున ఉండవలెను? పనిచేయు చేతివైపున ఉండవలెనని మొదట తోచును. అది సరికాదు. చేయి ఎదమీదుగ ఎదుటి భుజమునకు సులభముగ చేరును; తనవైపు భుజమును తానే అందుకొని అక్కడ ఒక పని చేయుట కష్టము. ఎవరైనను ఇప్పుడే చేసి చూచుకొనవచ్చును. కుడిచేయి పనిచేయువారికి ఎడమ భుజపు ఎముకకు కొంచెము ముందుగ, కంటికి కనిపించు చోట పట్టీ ఉండవలెను. అయినను పుస్తకములోని మాటకంటె ఆ మనిషి మాట మేలు. "అయ్యా, తమ చేయి ఎంతవరకు చేరును?" అని అడిగి, వ్రేలు తాకిన చోటనే దర్జీ సుద్దతో గుర్తు పెట్టుకొనవలెను. ఆ ప్రశ్న అడుగుటలోనే సగము సేవ జరిగిపోవును. హరళయ్యగారు బసవన్నకు పాదరక్షలు కుట్టిన కథలో ఆయన త్యాగమును అందరును పొగడుదురు. ఆ పాదముల కొలతను ఆయన ఎంత శ్రద్ధగ ఎరిగియుండెనో ఎవ్వరును తలపరు.

వెల్క్రోలో గరుకుముఖము మెడ చర్మమునకు తగులరాదు. మెత్తని ముఖమే లోపలివైపున ఉండవలెను. పట్టీ కొసను వెనుకకు మడిచి బొటనవ్రేలు దూరునంత వలయముగ కుట్టినచో, వ్రేళ్ళు ముడుచుకొనిపోయినవారును దానిని లాగగలరు. గుండీలు, కాజాలు, ప్రెస్ బటనులు ఇట్టివారికి పనికిరావు.

నిలువగలిగి ఒక్క చేతితో పని చేసికొనువారికి మరియొక పద్ధతి గలదు. నడుము మడతలోనికి, వంచిన వెనుక తిరిగి ముడుచుకొనునట్టి పలుచని ప్లాస్టిక్ బద్దను దూర్చినచో అది గాజువలె నడుమును తానే పట్టుకొనును. ఒక చేతితో తెరచి ఆనించిన చాలును; బొందులతో పనిలేదు. ఎల్లప్పుడు కుర్చీలోనే ఉండువారికి మాత్రము ఆ బద్ద ఒత్తుకొనును గనుక కూడదు.

చక్రముల కుర్చీవారికి కొలత కూర్చున్నప్పుడే తీయవలెను. నిలువు మనిషి కొలతతో కుట్టినది ఒడిలో ముద్దగ ముడుచుకొనును, లేదా మోకాళ్ళకు చాలకుండును. వెడల్పు కుర్చీ చేతులను దాటి క్రిందికి వ్రేలాడరాదు. వ్రేలాడినచో చక్రమున చిక్కుకొనును. అందువలననే పొడుగు బొందులు ప్రమాదకరములు. కూర్చుండు భాగము క్రిందికి గుడ్డగాని, కుట్టుగాని, ముడిగాని పోరాదు. స్పర్శ తెలియని చర్మమునకు ఒక మడత చాలును; రెండు మూడు గంటలు ఒత్తుకొనినచో పుండు పడును, ఆ పుండు మానుటకు నెలలు పట్టును. వెన్నెముక దెబ్బతిన్నవారిని చూచుకొనువారికి ఆ బాధ తెలియును.

గుడ్డ సంగతి. పరదేశములలో దళసరి టర్కీ తువ్వాలుతో కుట్టుదురు. ఒలికినదానిని అది బాగుగ పీల్చును. కాని ఆషాఢ శ్రావణములలో గోదావరి ఒడ్డున దళసరి తువ్వాలు రెండు దినములకైనను ఆరదు, ఆరినను ముక్కవాసన పోదు. కావున పైన పలుచని నూలుగుడ్డ, ఎద భాగమున మాత్రము విడదీసి ఉతుకుకొనుటకు వీలగు తువ్వాలు ముక్క, ఇట్లు రెండుగ కుట్టుట మేలు. వేడి పులుసు లోనికి దిగునను భయమున్నచోట ఆ రెంటి నడుమ రబ్బరు గుడ్డ ముక్కను పెట్టవచ్చును. కాని దినమంతయు ఉంచిన చెమట పొక్కులు లేచును, భోజనము కాగానే తీయవలెను. పొయ్యి దగ్గర కూర్చుండువారికి నైలాను, రెగ్జిను ఎన్నడును కూడదు. నిప్పు తగిలినచో అవి కరగి చర్మమునకు అంటుకొనును. చేయి విదల్చుకొనలేని మనిషికి నూలే రక్ష. క్రింది అంచును పైకి మడిచి ఒడిజేబుగ కుట్టినచో జారిన మెతుకులు అందులో పడును. ఆ మడతను ప్రక్కల బిగించి కుట్టరాదు, ఉతుకునప్పుడు తెరచుటకు వీలుండవలెను.

ఇన్నింటికంటె ముఖ్యమైనది దాని రూపము. కుందేళ్ళ బొమ్మలున్న గుడ్డ పసిపిల్లలకు. తెల్లని గ్లాస్కో ఆసుపత్రికి. ఇంటి పెద్దకు కుట్టునది కండువావలె అంచు గలిగి, భుజముమీదనుండి దిగినట్లు కనిపింపవలెను. తల్లికి కుట్టునది పమిటవలె ఏటవాలుగ, ఆమె కట్టు చీరల రంగునకు తగినట్లు ఉండవలెను. బండారులంకలోను ఉప్పాడలోను నేతమగ్గములున్న సీమలో అంచుగల నూలుగుడ్డకు కరువా? పంక్తిలో ప్రక్క మనిషి చూచి "కండువా బాగున్నది" అనుకొనవలెను. అప్పుడు ఆ పెద్దాయన మరల మఠమునకు వచ్చును.

తొడుగునప్పుడు సాయము చేయువారు గుర్తుంచుకొనవలసినది ఒకటి గలదు. చేతులు గల రకము కుట్టించినచో పడిపోయిన చేతికి ముందు తొడుగవలెను, మంచిచేతికి తరువాత. విప్పునప్పుడు మంచిచేయి ముందు, పడిపోయిన చేయి వెనుక. ఈ వరుస తప్పి పడిపోయిన చేతిని లాగినచో భుజపు కీలు సడలి జీవితాంతము నొప్పి మిగులును.

సూది పట్టుట గోదావరి డెల్టాకు క్రొత్త గాదు. నరసాపురము, పాలకొల్లు పరిసరములలో స్త్రీలు అల్లు లేసు దేశాంతరములకు పోవుచున్నది. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపును లభించినది. జర్మను విదుషీమణి మరియా మీస్ ఆ స్త్రీలపై వ్రాసిన పుస్తకము 1982లో వెలువడినది. దినమున ఎన్నో గంటలు అల్లుచున్న స్త్రీలను పనివారుగ గాక తీరికవేళ ఏదో చేసికొను గృహిణులుగ లెక్కించి, అత్యల్పమైన కూలి ఇచ్చుచున్నారని ఆమె చూపెను. శరణుల ధర్మమున తీరికపని, అసలు పని అను భేదము లేదు. సూజి కాయకద రామితందె అను శరణుడొకడు అనుభవమంటపపు కాలమున ఉండెను. సూజి యనగా కన్నడమున సూది. కుట్టుపనియే ఆయన పేరు, కుట్టుపనియే ఆయన పూజ. గోదావరి సీమలో దర్జీ వృత్తిని ఆశ్రయించిన జంగమ కుటుంబములు నేటికిని కలవు. వారి అంగడికి పోయి "సేవ గదా, ఊరక కుట్టిపెట్టుడు" అనుట తగదు. కుట్టుకూలి చెల్లింపవలెను, దానము చేయదలచినవారు గుడ్డ ఖరీదును ఆ కూలిని కూడ దానము చేయవలెను.

రామచంద్రపురమున కెనడా బాప్టిస్టు మిషనువారు వంద సంవత్సరములకు పూర్వమే కుష్ఠురోగులకు ఆశ్రయము నడిపిరి. ఆ వ్యాధిచే వ్రేళ్ళు వంకరపోయి, స్పర్శ నశించినవారికి బట్టలు తొడుగువారెవరు, గుండీలు పెట్టువారెవరు అని అన్యమతస్థులు ఆలోచించిరి. దేశమంతటను లెక్కించి పదివేలమందికి ఒకరికంటె తక్కువగ ఆ వ్యాధి తగ్గినదని 2005లో ప్రభుత్వము ప్రకటించినను, మందుతో వ్యాధి పోయిన వెనుకను ముడుచుకొనిన వ్రేళ్ళు ముడుచుకొనియే యున్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 రకములలో కుష్ఠు నయమైనవారును, వణుకు వ్యాధిగ్రస్తులును ఉన్నారు. చట్టము ధ్రువపత్రము నిచ్చును. బొటనవ్రేలు పట్టునంతటి వలయమును ఇంటివారే కుట్టవలెను.

క్రొత్తగుడ్డను కోయుట అశుభమను శంక కొందరికి గలదు. మంచి పంచెను నడుమ చీల్చి పట్టీలు వేయుమన్నచో ముసలమ్మలు చెవులు మూసికొందురు. వారికి దాసయ్యగారి కథ చెప్పవలెను. అమరనీతి నాయనారు కథయు చెప్పవచ్చును. ఆయన భక్తులకు అన్నమును కౌపీనములను దానము చేయువాడు. శివుడు బ్రహ్మచారిగ వచ్చి దాచియుంచుమని ఇచ్చిన కౌపీనము మాయము కాగా, దానికి సరితూగు వస్త్రమిచ్చుటకు త్రాసులో వేయవలసివచ్చెను. ఇంటనున్న గుడ్డలన్నియు వేసెను, ధనమంతయు వేసెను, త్రాసు కదలలేదు. చివరకు భార్యతోను కుమారునితోను తానే త్రాసు ఎక్కెను. జానెడు గుడ్డ! సభలలో పెద్దలకు కప్పు శాలువలు ఎన్ని బీరువాలలో మడత విప్పకుండ పడియున్నవో ఆయా మఠముల నిర్వాహకులకే తెలియును. ఒక్కొక్క ఉత్సవమునకు రెండు శాలువల ఖర్చు తగ్గించినచో ఆ సొమ్ముతో ఎన్ని ముందు గుడ్డలు కుట్టింపవచ్చునో వారే లెక్క చూచుకొందురుగాక.

ఇంతవరకు చెప్పినది తినువాని సంగతి. వండువాని సంగతి ఇంకను పెద్దది. చేయి పడిపోగానే ఆ మనిషిని ఒక మంచమునకు అప్పగించి, ఇక నీవు ఏ పనియు చేయవలదని ప్రేమతోనే చెప్పుదురు. ప్రేమతో చెప్పినను అది కాయకమునుండి బహిష్కరించుటయే. కాయకమును కైలాసముగ ఎంచిన ఆయ్దక్కి మారయ్య, అవసరమునకు మించి ఏరితెచ్చిన బియ్యమును తిరిగి పోసిరమ్మనిన లక్కమ్మ, ఆ దంపతుల మార్గమున దాసోహము పుచ్చుకొనుటకు మాత్రమే మిగిలిన మనిషి అనువాడుండరాదు. నలుబది యేండ్లు మఠపు పంక్తులకు వండిపెట్టిన తల్లి కీళ్ళవాతముతో కూర్చుండిపోయినంత మాత్రమున ఆమెకు ఉప్పు పాలు తెలియకపోవునా? ఎత్తైన పీటపై కూర్చుండి చింతపండు పిసుకగలదు, కూరలు ఏరగలదు, పోపు వాసననుబట్టి మాడుచున్నదని హెచ్చరింపగలదు. ఆమెకు కావలసినది తడి చీరకు అంటకుండ ఒడిని కప్పు గుడ్డ. దానిని ఆమె తానే తగిలించుకొనవలెను, తానే విప్పుకొనవలెను. ఎవరినో పిలిచి కట్టించుకొనవలసివచ్చినచో రెండవనాడు ఆమె వంటయింటికి రాదు. పిలువబడిన కోడలు విసుగుకొనకపోయినను రాదు.

ఇట్టి ముందు గుడ్డలో జేబు ప్రక్కల ఉండరాదు, ఎదుట ఒడిపైన ఉండవలెను. వెడల్పుగ తెరచుకొనియుండుటకు దాని నోటి అంచులో త్రాడు కుట్టవలెను. కత్తి అందులో పెట్టుకొనరాదు. కళ్ళజోడు, చేతిగుడ్డ, విభూతి భరిణె పెట్టుకొనవచ్చును.

ఉతుకుటకు ముందు వెల్క్రో పట్టీలను మూసివేయవలెను. తెరచియుంచినచో దారపు పోగులనెల్ల పట్టుకొని కొన్ని ఉతుకులకే పట్టు తప్పును. పసుపు మరకలు ఎండలో ఆరవేసినచో చాలవరకు పోవును.

మఠములలో దాసోహశాల నిర్వహించువారు ఆరు ముందు గుడ్డలు కుట్టించి ఉంచినచో ఆరంభమునకు చాలును. ఎడమ భుజమున పట్టీ గలవి రెండు, కుడి భుజమున గలవి రెండు, కూర్చుండువారి కొలతవి రెండు. వాటిని సామానుల గదిలో బీరువాలో పెట్టి తాళము వేయరాదు. భోజనశాల ద్వారమువద్ద గోడకు మేకులు కొట్టి తగిలింపవలెను. ఆ మేకులు నిలుచున్న మనిషి కంటి ఎత్తున గాక, చక్రముల కుర్చీలో కూర్చుండిన మనిషి చాచిన చేతి ఎత్తున కొట్టవలెను.